ఇంటర్ పిల్లల చేత కాలేజీ దరఖాస్తులు పూర్తి చేయించడం ఎలా? కర్నూలు వైపు వారికి సమగ్ర మార్గదర్శి

ఊళ్లో కాస్త చదువుకున్న మనిషి ఒకరుంటే చాలు, ఏప్రిల్ వచ్చేసరికి వాళ్లింటి అరుగు మీద ముగ్గురు నలుగురు ఇంటర్ పిల్లలు ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని కూర్చుంటారు. కవర్లో నలిగిన ఆధార్ జిరాక్స్, పదో తరగతి మెమో, ఎప్పుడో దిగిన ఫొటో ఉంటాయి. ‘కొంచెం అప్లై చేసి పెట్టండి సార్’ అంటారు. చాలా ఏళ్లుగా ఆ అరుగు నాదే. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు నుంచి లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు, డిగ్రీ చదివే అక్కలు, అన్నలు పదేపదే అడుగుతున్న ప్రశ్నలకు కలిపి రాసిన జవాబు ఇది. విద్యార్థి పక్కన కూర్చుని దరఖాస్తు చేయించే మనిషిని ఉద్దేశించి రాశాను.

మార్కులు చాలక పోయిన సీటు గురించి మనం చేయగలిగింది తక్కువ. పేరు కలవక, ఓటీపీ రాక, గడువు తీరిన పత్రం పెట్టి పోగొట్టుకున్న సీట్లు మాత్రం మన చేతిలోనివే. వాటికి విరుగుడు ఫారం నింపే రోజున దొరకదు, ఆరు నెలల ముందు దొరుకుతుంది. అందుకే ఇక్కడ సగం పని ఫారం తెరవకముందే ఉంది.

1. ముందు దారి తేల్చండి

రెండో ఏడాది మొదట్లో, జూన్, జులైలోనే విద్యార్థిని, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడండి. మొదట వాళ్లకు అర్థం కావలసింది ఒక్కటే: ప్రవేశ పరీక్షకు చేసే దరఖాస్తు వేరు, సీటుకు చేసే దరఖాస్తు వేరు. పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, సీటు ఇంటికే వస్తుందని ఎదురుచూసిన పిల్లలను నేను చూశాను.

- ఇంజనీరింగ్, ఫార్మసీ: ఏపీ ఈఏపీసెట్‌కు (రాష్ట్రంలో ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ఒక దరఖాస్తు. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్, పత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్లు (కోరుకునే కాలేజీలు, కోర్సులను ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడం). అనంతపురం, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలకు, కర్నూలు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే) సీట్లకు ఇదే దారి.
- ఎన్ఐటీలు, కర్నూలులోని ట్రిపుల్ ఐటీ డీఎం: జేఈఈ మెయిన్ రాయాలి, తర్వాత జోసా (ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీల సీట్లు ఉమ్మడిగా కేటాయించే కేంద్ర సంస్థ) కౌన్సెలింగ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో పైనున్న 20 పర్సెంటైల్‌లో స్థానం గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఐఐటీలకైతే పైన అడ్వాన్స్‌డ్ కూడా రాయాలి.
- ఎంబీబీఎస్, బీడీఎస్: నీట్. ఆ తర్వాత అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు కేంద్ర మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) వద్ద, రాష్ట్ర కోటాకు డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వద్ద విడివిడిగా నమోదు. పక్కనే ఉన్న కర్నూలు మెడికల్ కాలేజీలో చేరాలన్నా ఇంతే.
- బీఎస్సీ అగ్రికల్చర్: ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకే, కానీ ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వేరుగా ఇచ్చే ప్రకటన చూసి వేరుగా దరఖాస్తు చేయాలి. మహానంది వ్యవసాయ కళాశాల దీని కిందిదే. రైతు కోటాకు భూమి, పల్లెలో చదువు చూపే పత్రాలు అదనం.
- అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం: సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాసి, ఫలితాల తర్వాత విశ్వవిద్యాలయం సొంత పోర్టల్‌లో మళ్లీ నమోదు.
- డిగ్రీ కాలేజీలు: ప్రవేశ పరీక్ష లేదు. ఉన్నత విద్యామండలి నడిపే ఓఏఎండీసీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, ఆప్షన్లు.
- సొంత పరీక్ష పెట్టే సంస్థలు: పుట్టపర్తి సత్యసాయి సంస్థ, బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం లాంటివి. వీటి గడువులు బాగా ముందే వస్తాయి.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీ ఒకటే అనుకుని వచ్చే తండ్రి తరచూ ఒకరైనా ఉంటారు. ఇడుపులపాయలో చేరేది పదో తరగతి మార్కులతో. ఇంటర్ అయ్యాక ఆ తలుపు తట్టి లాభం లేదు.

విద్యార్థికి రెండు లేదా మూడు దారులు చాలు. అందులో డిగ్రీ ఒకటి తప్పనిసరిగా ఉండాలని నా పట్టు. ‘డిగ్రీకి కూడా పెట్టమంటారా’ అని ముఖం మాడ్చుకునే పిల్లలే ఆగస్టులో ఇంట్లో ఖాళీగా కనిపిస్తారు.

తేల్చుకున్న దారులను నోటు పుస్తకంలో రాసి, ఎదురుగా నెలలు వేయండి. సాధారణంగా జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తు అక్టోబరు, నవంబరులో వస్తుంది. నీట్, సీయూఈటీ, ఈఏపీసెట్ జనవరి నుంచి ఏప్రిల్ లోపు వస్తాయి. అంటే సరిగ్గా ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షల మధ్యలో. కచ్చితమైన తేదీ ప్రతి ఏడాదీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూడండి. వాట్సాప్‌లో తిరిగే పట్టికలను నమ్మవద్దు.

2. పేరు ఒక్కటే ఉండాలి, ఒక్క అక్షరం తేడా లేకుండా

పదో తరగతి మెమో మీద ఉన్నదే విద్యార్థి పేరు. ఇంట్లో ఏ పేరుతో పిలిచినా, ఆధార్‌లో ఏమున్నా, దరఖాస్తుకు ఆధారం అదే. మిగతా కాగితాలన్నీ దానికి కలవాలి. మెమోలో పేరు మార్చాలంటే పాఠశాల ప్రధానోపాధ్యాయుడి ద్వారా బోర్డు దాకా పోవాలి, నెలలు పడుతుంది. ఆధార్ దిద్దించడం అంతకంటే సులువు.

మా వైపు కనిపించే తేడాలు ఇవి:

- మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. లేదా ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక.
- బడిలో చేర్చినప్పుడు పేరుకు ముందు కులం చేరిపోవడం. మెమోలో బోయ రామాంజనేయులు, ఆధార్‌లో ఒట్టి రామాంజనేయులు. కురువ పిల్లలదీ ఇదే తంటా.
- షేక్ అనే మాటను ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తారు. బాషా, వలి, హుసేన్ కూడా అంతే. అన్నదమ్ములిద్దరి కాగితాల్లోనే రెండు రకాలు ఉంటాయి.
- తల్లి పేరు మెమోలో లక్ష్మీదేవి, ఆమె ఆధార్‌లో లక్ష్మమ్మ.
- ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. తేదీ తెలియని రోజుల్లో ఏడాది మాత్రమే చెప్పి చేయించినవి ఇవి.

చేయవలసిన పని చిన్నది. పదో తరగతి మెమో, ఆధార్, కుల పత్రం, ఇంటర్ మొదటి ఏడాది మెమో నాలుగూ చాప మీద పక్కపక్కన పరచండి. విద్యార్థి ఒక దాంట్లోని ఇంగ్లిషు అక్షరాలను ఒక్కొక్కటిగా పైకి చదవాలి, మీరు మిగతా వాటిలో వేలు పెట్టి చూడాలి. కళ్లతో చూసి ‘సరిగ్గానే ఉంది’ అనేస్తే తేడా దొరకదు. పూర్తయ్యాక నోటు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో విద్యార్థి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాయండి. ఇక ఏ ఫారం నింపినా ఆ పేజీ చూసే నింపాలి.

ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. ఆధార్ కేంద్రంలో ఆపరేటర్ టైపు చేసిన రసీదును అక్కడే చదివి, తప్పుంటే అప్పుడే చెప్పాలి. బయటికి వచ్చాక చూసుకుంటే ఒక అవకాశం పోయినట్టే. అదే రోజున వేలిముద్రలు కూడా అప్‌డేట్ చేయించండి. 15 ఏళ్లు నిండాక ఇది తప్పనిసరి, చాలామంది చేయించరు, తర్వాత వేలిముద్ర పడక ఇబ్బంది పడతారు.

జిల్లా పేరు గురించి భయపడే వాళ్లున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి డోన్, బనగానపల్లె, ఆళ్లగడ్డ పిల్లల పాత పత్రాల్లో కర్నూలు జిల్లా అనే ఉంటుంది. అది తప్పు కాదు. ఫారంలో మాత్రం ఇప్పటి జిల్లా నంద్యాల ఎంచుకోవాలి.

3. ఫోను, మెయిలు, ఓటీపీ

సంక్రాంతి ముందు వెనకల కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు తరలిపోతాయి. మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. విద్యార్థి అవ్వ దగ్గరో హాస్టల్‌లోనో ఉంటాడు. ఆధార్‌కు లింకైన ఫోను నాన్న జేబులో, మిరప చేలో ఉంటుంది. ఇక్కడ ఫారంలో ఓటీపీకి పది నిమిషాల గడువు మొదలవుతుంది. అక్కడ సిగ్నల్ ఉండదు, ఉన్నా నాన్నకు ఇంగ్లిషు సందేశం చదవడం రాదు.

కాబట్టి వాళ్లు ఊరు విడవకముందే, డిసెంబరు లోపల ఈ పనులు ముగించండి:

- విద్యార్థి ఆధార్‌కు విద్యార్థి దగ్గరుండే నంబరే లింకు కావాలి. కనీసం వచ్చే ఏడాది సెప్టెంబరు దాకా ఆ సిమ్ రీఛార్జ్ ఆగకూడదు.
- తల్లిదండ్రులు స్వయంగా రావలసిన ఆదాయ పత్రం, భూమి పత్రాల పని ముగియాలి.
- తండ్రి సంతకం లేదా వేలిముద్ర అవసరమయ్యే హామీ పత్రాలుంటే చేయించి పెట్టుకోవాలి.
- తల్లిదండ్రుల ఆధార్ రెండు వైపులా ఫొటోలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఫొటో విద్యార్థి ఫోన్‌లో ఉండాలి.

మెయిల్ ఐడీ విద్యార్థి పేరు మీదే కొత్తగా తెరవండి. నెట్ సెంటర్‌లో పని చేయిస్తే వాళ్లు తమ మెయిల్, తమ నంబరు పెట్టేస్తారు. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ మూడు నెలల తర్వాత ఆ సెంటర్ మూసేస్తే పాస్‌వర్డ్ ఎవరిని అడుగుతాం? యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు నోటు పుస్తకం చివరి పేజీలో రాయించండి. ఫోన్‌లో దాచడం అదనపు జాగ్రత్తగానే పెట్టుకోండి.

4. పత్రాల ఫైలు

లోపల పారదర్శక కవర్లున్న ఫైలు ఒకటి కొనండి. ఒక్కో కవర్లో ఒక్కో ఒరిజినల్, దాని వెనక మూడు జిరాక్సులు. విద్యార్థి స్వయంగా సర్దుకోవాలి, ఏ కవర్లో ఏముందో వాడికే తెలియాలి.

- పదో తరగతి మెమో
- ఇంటర్ రెండేళ్ల మెమోలు. కాగితం రావడం ఆలస్యమైతే డిజిలాకర్ ప్రతి
- ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు
- టీసీ
- కుల ధ్రువపత్రం
- ఆదాయ ధ్రువపత్రం, బియ్యం కార్డు
- వర్తిస్తే ఈడబ్ల్యూఎస్ (కుల రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదలకు ఇచ్చే) పత్రం, కేంద్ర నమూనాలో ఓబీసీ పత్రం
- వర్తిస్తే దివ్యాంగ, ఎన్‌సీసీ, క్రీడలు, సైనిక కుటుంబ పత్రాలు
- ఆధార్, ఒకే రోజు తీయించిన 12 పాస్‌పోర్టు ఫొటోలు

వీటిలో నాలుగింటి గురించి వివరంగా చెప్పాలి.

స్టడీ సర్టిఫికెట్లు: ఏడేళ్లకు ఏడేళ్లూ కావాలి. ఆరు, ఏడు ఒక ఊరి బడిలో, ఎనిమిది నుంచి గురుకులంలో, ఇంటర్ ఇంకోచోట చదివితే మూడు చోట్ల తిరగాలి. ప్రైవేటు బడి మూతపడి ఉంటే రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. ఈ పని దసరా సెలవుల్లో మొదలుపెడితే సంక్రాంతికి ముగుస్తుంది. మే నెలలో మొదలుపెడితే బడికి తాళం ఉంటుంది.

ఈ పత్రాలను బట్టే స్థానికత తేలుతుంది. కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవి. రాయలసీమ పాత నాలుగు జిల్లాలు, నెల్లూరు కలిసి ఎస్వీయూ (తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధి. మా పిల్లలు ఫారంలో రాయలసీమ యూనివర్సిటీ అని వెతుకుతారు, అది కనిపించక వేరే ఏదో నొక్కుతారు. కర్నూలు పిల్లలు ఎంచుకోవలసింది ఎస్వీయూ. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లూ ఈ పరిధిలోనే చదివితే సమస్య లేదు. మధ్యలో హైదరాబాద్, బెంగళూరు, బళ్లారి ఏదైనా తగిలితే ఆ ఏడాది నిబంధనల పుస్తకంలో స్థానికత భాగం చదివి, హెల్ప్‌లైన్ కేంద్రంలో (కౌన్సెలింగ్ పత్రాలు పరిశీలించే చోటు) ముందే అడిగి, తల్లి లేదా తండ్రి పదేళ్ల నివాస ధ్రువపత్రం కూడా తీసి ఉంచండి.

ఆదాయ పత్రం: గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు చేయాలి. దాని మీద ఉన్న తేదీ ముఖ్యం. ఫలానా తేదీ తర్వాత ఇచ్చినదై ఉండాలని ప్రకటనలో రాస్తారు. పాతదుంటే చాలనుకుని ఊరుకోవద్దు.

ఓబీసీ పత్రం: జేఈఈ, నీట్, సీయూఈటీలకు మన రాష్ట్ర బీసీ పత్రం పనికిరాదు. కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్‌లో (ఓబీసీల్లో ఆదాయం, హోదా ఎక్కువున్న కుటుంబాలు) లేనట్టు తహసీల్దారు ఇచ్చిన పత్రం ఉండాలి. జోసా దగ్గర సాధారణంగా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదే తీసుకుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది: రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ముందు కేంద్ర జాబితాలో కులం పేరు వెతకండి. లేకపోతే ఆ ఫారాల్లో జనరల్ అని గానీ, అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ అని గానీ పెట్టాలి.

ఈడబ్ల్యూఎస్ పత్రం: ఏడాదికోసారి కొత్తది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. కేంద్ర నమూనాలో 5 ఎకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే అర్హత లేదు. పత్తికొండ మెట్టలో 6 ఎకరాలున్న రైతు బీదరికం ఆ నిబంధనకు తెలియదు. వాదించి లాభం లేదు, ముందే తెలుసుకుని మరో దారి చూసుకోవాలి.

5. ఫొటో, సంతకం, స్కాన్లు

ఫొటో తెల్లటి వెనక తెరతో, చెవులు కనిపించేలా, నల్ల కళ్లద్దాలూ టోపీ లేకుండా తీయించండి. అదే ఫొటో అన్ని దరఖాస్తులకూ, పరీక్ష రోజుకూ వాడాలి. సంతకం తెల్ల కాగితం మీద నల్ల సిరాతో. సెల్‌ఫోనుతో స్కాన్ చేస్తే మధ్యాహ్నం వెలుతురులో, నీడ పడకుండా తీయండి. ఎన్ని కేబీలు ఉండాలన్నది ఒక్కో ఫారంలో ఒక్కో రకం, అక్కడే చూసి కుదించండి.

ఫైలుకు పేరు పెట్టడం మాత్రం మరిచిపోవద్దు. విద్యార్థి పేరు, పత్రం పేరు రెండూ ఉండాలి. నేనొకసారి తమ్ముడి దరఖాస్తుకు అన్న కుల పత్రం ఎక్కించాను. రెండు ఫైళ్లకూ ‘స్కాన్ 1’ అనే పేరుంది. పరిశీలనలో అది తిరిగి వచ్చింది, గడువు ఇంకా ఉండబట్టి బతికిపోయాను.

6. ఫారం నింపే రోజు

గడువు చివరి మూడు రోజులు లేవనుకోండి. సర్వర్ మొరాయిస్తుంది, ఊళ్లో కరెంటు పోతుంది, నెట్ సెంటర్‌లో వరస ఉంటుంది.

ముందు సమాచార పుస్తకంలో అర్హత, పత్రాలు, తేదీల పేజీలు చదవండి. తర్వాత కాగితం మీద ఫారం అంతా ఒకసారి నింపించండి. ఆ తర్వాతే కంప్యూటర్ దగ్గరికి. మౌసు విద్యార్థి చేతిలో ఉండాలి, మీరు పక్కన ఉండాలి. పెద్దవాళ్లు కొట్టేస్తే పని త్వరగా అవుతుంది కానీ, రేపు హెల్ప్‌లైన్ కేంద్రంలో అధికారి అడిగితే పిల్లవాడు తెల్లముఖం వేస్తాడు.

ఈఏపీసెట్‌లో మొదటి మెట్టు ఫీజు కట్టడమే. ఖాతాలో డబ్బు తగ్గి, తెరమీద రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టవద్దు. చెల్లింపు స్థితి చూపే లింకు అక్కడే ఉంటుంది, అందులో చూసి, కొంత ఆగి నిర్ణయించండి.

తప్పులు పడేది ఎక్కువగా ఈ గడుల్లో:

- ఇంటర్ హాల్ టికెట్ నంబరు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఈ నంబరు తప్పితే ఆ మార్కులు చేరవు, ర్యాంకు కిందికి పోతుంది లేదా అసలు రాదు.
- కులం ఉపవర్గం. బీసీ ఏ, బీ, సీ, డీ, ఈలలో ఏదన్నది కుల పత్రం చూసి పెట్టాలి, గుర్తున్నదాన్ని బట్టి పెట్టకూడదు.
- వార్షిక ఆదాయం. నెల ఆదాయం రాసినవాళ్లున్నారు. పత్రంలో ఉన్న అంకె ఎంతో అంతే.
- ప్రశ్నపత్రం భాష. నీట్, జేఈఈ రెండింటిలోనూ తెలుగు ఎంచుకునే వీలుంది. రెండేళ్లు ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలు తెలుగు పదజాలం చూసి తికమకపడతారు. అలవాటున్న భాషే పెట్టండి.
- పరీక్ష కేంద్రం. కర్నూలు మొదటిదిగా, అనంతపురం, కడప తర్వాత. ఆదోని పిల్లలు ఉదయం విడత పరీక్షకు ముందురోజే కర్నూలు చేరి ఉండాలి.
- సీయూఈటీ సబ్జెక్టులు. విద్యార్థి కోరే డిగ్రీకి విశ్వవిద్యాలయం ఏవి అడుగుతుందో చూసి, తర్వాత ఎంచుకోవాలి. తారుమారైతే మంచి మార్కులొచ్చినా పనికిరావు.

సమర్పించే ముందు ప్రివ్యూను విద్యార్థి పైకి చదవాలి. సమర్పించాక పీడీఎఫ్‌ను మెయిల్‌కు పంపి, రెండు ప్రింట్లు తీసి, దరఖాస్తు సంఖ్య నోటు పుస్తకంలో రాయించండి.

తర్వాత తప్పు బయటపడితే కంగారుపడి రెండో దరఖాస్తు చేయవద్దు. సవరణ గడువు విడిగా ఇస్తారు, ఆ తేదీని ముందే రాసుకోండి. కొన్ని గడులు విద్యార్థే మార్చుకోవచ్చు, పేరు లాంటివాటికి ఆధారాలతో కన్వీనర్ కార్యాలయానికి రాయాలి.

7. వ్యాసం, ఇంటర్వ్యూ ఉన్న దరఖాస్తులు

కొన్ని విశ్వవిద్యాలయాలు మీ గురించి రాయండి అంటాయి, లేదా ఇంటర్వ్యూలో అడుగుతాయి. ఇక్కడ పెద్దవాళ్లు చేసే హాని ఎక్కువ. మనమే రాసిచ్చేస్తాం. ‘చిన్నప్పటి నుంచి దేశసేవ చేయాలన్నది నా ఆశయం’ అనే వాక్యం చదివేవాళ్లకు ఆ రోజు వందోసారి కనిపిస్తూ ఉంటుంది.

విద్యార్థిని మాట్లాడించండి. ఉల్లి ధర పడిపోయిన రోజు నాన్నతో కర్నూలు మార్కెట్ యార్డుకు వెళ్లి ఏం చూశావు? అమ్మానాన్నలు సుగ్గికి పోయిన మూడు నెలలు ఇల్లు ఎలా నడిపావు? చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయించండి, తర్వాత వాడికి వచ్చిన ఇంగ్లిషులో మార్పించండి. వ్యాకరణం దిద్దండి, మాటలు మార్చవద్దు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ మాటల గురించే.

లెక్చరర్ సిఫారసు లేఖ కావాలంటే మూడు వారాల ముందు అడగాలి. ఏ కోర్సు, ఎందుకు, తరగతిలో చేసిన ఒకటి రెండు పనులు అని ఒక పేజీ రాసి చేతికివ్వాలి. వందమంది పిల్లల్లో ఒక్కొక్కరి సంగతీ గుర్తుపెట్టుకోవడం లెక్చరర్లకు కుదరదు.

8. పత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్లు

ర్యాంకు వచ్చాక ఇంట్లో పండుగ. ఫోన్లు కూడా అప్పుడే మొదలవుతాయి. ఏదో కాలేజీ తరఫున ఒకాయన ఆపిల్ పండ్లతో ఇంటికి వస్తాడు, ‘మీరెందుకు శ్రమపడటం, ఓటీపీ చెప్పండి, ఆప్షన్లు మేం పెడతాం’ అంటాడు. ఎమ్మిగనూరు దగ్గరి ఒక అమ్మాయి విషయంలో అదే జరిగింది. తనకొచ్చిన ర్యాంకుకు అనంతపురంలో సీటు అందేది. ఆయన మొదటి ఆప్షన్‌గా తమ కాలేజీ పెట్టి ఖరారు చేసేశాడు. మాకు తెలిసేసరికి గడువు దాటింది. ఓటీపీ, పాస్‌వర్డ్, ఒరిజినల్ పత్రాలు ఎవరికీ ఇవ్వకూడదని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా తాతకు చెప్పండి. ఇంటికొచ్చినవాళ్లకు మర్యాద చేసేది ఆయనే.

ప్రాసెసింగ్ ఫీజు కట్టాక పత్రాలు ఆన్‌లైన్‌లో పరిశీలిస్తారు. ఏదైనా కలవకపోతే హెల్ప్‌లైన్ కేంద్రానికి పిలుస్తారు. నాలుగో భాగంలో చెప్పిన ఫైలు అక్కడ పనికొస్తుంది. పరిశీలన పూర్తయినట్టు వచ్చిన సమాచారంలో కులం, స్థానికత, ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత సరిగ్గా పడ్డాయా చూడండి. తప్పుంటే ఆప్షన్లకు ముందే దిద్దించాలి.

ఇక ఆప్షన్లు. మొదట కాగితం మీదే రాయాలి:

- కాలేజీ కోడ్, కోర్సు కోడ్ రెండూ రాయండి. కర్నూలులోనే పుల్లారెడ్డి పేరుతో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, పుల్లయ్య పేరుతో ఇంకొకటి ఉన్నాయి. పేరు చూసి నొక్కితే పొరపడతారు.
- ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద. పైన కష్టమైన సీటు పెడితే కిందిది పోతుందన్నది అపోహ. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వచ్చి ర్యాంకుకు అందే మొదటి సీటు ఇస్తుంది.
- గత ఏడాది చివరి ర్యాంకులు చూసి అంచనా వేయండి, కానీ ఆ అంచనాతో పైవాటిని కొట్టేయవద్దు.
- ఐదారు పెట్టి ఆపవద్దు. 40, 50 పెట్టినా నష్టం లేదు. వస్తే చేరని కాలేజీ మాత్రం జాబితాలో ఉండకూడదు.
- ఆడపిల్లలకు హాస్టల్ ఉందా, బస్సు ఎక్కడిదాకా వస్తుంది అన్నది ఫోను చేసి కనుక్కోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో హాస్టల్ ఖర్చు కలవదు.

ఖరారు చేసిన జాబితా ప్రింట్ తీసి, కాగితంతో ఒక్కో వరస సరిచూడండి. మార్పులకు ఇచ్చే రోజు ఒకటుంటుంది, ఆ రోజు మళ్లీ ఒకసారి లాగిన్ అయి జాబితా మారలేదని చూసుకోవాలి.

రెండో విడతలో జాగ్రత్త. మొదటి విడత సీటు కంటే మెరుగనుకున్నవే పెట్టాలి. కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి అడిగే వీలుండదు.

9. సీటు వచ్చాక వారం రోజులు

సీటు కేటాయింపు పత్రం డౌన్‌లోడ్ చేసి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఈ సీటులో చేరుతున్నానని తెలపడం) చేయాలి. తర్వాత గడువులోగా కాలేజీకి వెళ్లి హాజరు వేయించుకోవాలి. రెండిట్లో ఒకటి మానేసినా సీటు పోతుంది.

కాలేజీలో టీసీ ఒరిజినల్ ఇవ్వాలి. మిగతా ఒరిజినల్స్ సరిచూసి తిరిగి ఇచ్చేయాలన్నది యూజీసీ నిబంధన. ఉంచుకుంటామంటే నిబంధన గుర్తుచేయండి, తప్పకపోతే రసీదు అడగండి. ఇవ్వబోయే ముందు టీసీని మూడు జిరాక్సులు, ఒక స్కాన్ తీసి ఉంచుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లను కాలేజీ నింపుకోవడం) వర్తించదు. ‘ఇప్పుడు చేరండి, తర్వాత స్కాలర్‌షిప్ చూసుకుందాం’ అనే మాట ఎవరైనా అంటే సీటు ఏ కోటాదో కాగితం మీద చూపించమనండి.

చేరిన వారంలోనే విద్యార్థి చేత చేయించవలసినవి:

- సొంత బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు
- స్కాలర్‌షిప్ దరఖాస్తు గురించి కాలేజీ కార్యాలయంలో అడగడం, వేలిముద్ర పని ఉంటే ముగించడం
- దరఖాస్తు చేసిన మిగతా దారుల్లో తేదీలు ఇంకా మిగిలి ఉంటే, వదులుకోవాలా కొనసాగించాలా తేల్చుకోవడం

ఫైలు, నోటు పుస్తకం ఇంటికి పంపేయవద్దు, హాస్టల్ పెట్టెలోనే ఉండాలి. స్కాలర్‌షిప్ పని మళ్లీ వచ్చేసరికి అమ్మానాన్నలు సుగ్గిలో ఉండవచ్చు.